నైరుతి తలుపు

నాకు ముక్కు మీదే కోపం అని మా వాళ్ళందరూ అంటారు. అననీ. పాతికేళ్ళకు పైగా ఒకే ఇంట్లో, ఒకే మనిషితో, ఆ ఇంటిని బాగుచేయించుకుంటూ బతికిన ఆడదానికి కోపం ముక్కు మీద కాక ఇంకెక్కడుంటుంది? ఈ నాలుగు ముక్కలు కూడా కోపంతోనే రాస్తున్నాను. చల్లారాక రాద్దామని చాన్నాళ్ళు చూశాను. చల్లారలేదు.

మా ఇల్లు మిర్యాలగూడలో, రైస్ మిల్లుల వైపు పోయే రోడ్డుకు ఒక సందు లోపల. గాలి ఇటు తిరిగిందంటే డాబా మీద ఆరేసిన తెల్ల బట్టల నిండా ఊక బూడిద నల్లగా పడుతుంది. ఆ మిల్లుల్లోనే ఒకదాంట్లో మా ఆయన గుమాస్తా. నేను పక్క ఊళ్ళో ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. నేను పుట్టింది కోదాడలో, ఆయనది హుజూర్‌నగర్ అవతల పల్లె. ఇప్పటికీ నేను "వెళ్దాం" అన్నానంటే "మొదలువెట్టింది ఆంధ్రా మాట" అని ఎగతాళి చేస్తాడు. మాట ఒక్కటే కాదు, ఇల్లు ఎలా ఉండాలన్నా మా ఇద్దరికీ ఏనాడూ కుదరలేదు.

వంటింటి గట్టు సంగతే చూడండి. గ్రానైట్ వేయిస్తున్నామని నాకు తెలుసు కానీ, ఎంత ఎత్తులో వేయిస్తున్నారో తెలియదు. ఆ రోజు నేను బడిలో ఉన్నాను. ఎంత ఎత్తు పెట్టమంటారని మేస్త్రీ అడిగితే ఈయన గోడ పక్కన నిలబడి తన నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించాడట. ఆయన ఆరడుగుల మనిషి. నేను ఆయన భుజం దాకా రాను. అప్పటి నుంచి ఈ రోజు వరకు నేను పీట మీద ఎక్కి నిలబడి పోపు పెడుతున్నాను. ఆ గట్టు దగ్గర నిలబడి ఆయన ఒక్కనాడు టీ కాచిన పాపాన పోలేదు.

తర్వాత హాల్లో టైల్స్. మాట్ ఫినిష్ తీసుకుందామని నేను, మెరవాలని ఆయన. మెరిసేవే వచ్చాయి. అద్దంలా మెరిశాయి. ఒక వానాకాలం తడి కాళ్ళతో లోపలికొచ్చి నేను వాటి మీద జారిపడితే మోకాలు బూరెలా వాచింది. ఆ నొప్పి ఇంకా పోలేదు. ఆ మోకాలిని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని ప్రస్తావన వస్తుంది.

బడిలో మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పినప్పుడు మేం ఆడ టీచర్లం మాట్లాడుకునేది కూడా ఇదే. ఒకామె మొగుడు కాయలున్న నిమ్మచెట్టును కారు పెట్టుకోవడానికి కొట్టించాడు. కారు ఇంకా కొనలేదు. ఇంకొకామె మొగుడికి ఇంటి ముందు సిమెంటు గచ్చు అంటే పిచ్చి. అంగుళం మట్టి కనిపిస్తే ఆయనకు నిద్ర పట్టదట. "మగవాళ్ళకు ఇల్లంటే ఎదురింటివాడు చూసేది, మనకు ఇల్లంటే మనం నిలబడేది" అని ఆమె ఒకసారి అంటే అందరం నవ్వాం. నవ్వి మళ్ళీ ఎవరి ఇంటికి వాళ్ళం పోయాం.

మా ఇంట్లో నాదనుకున్నది ఒక్క పెరడే. వంటింటి పక్క నుంచి చిన్న నడవ ఉంటుంది. దాని చివర, ఇంటికి నైరుతి మూలన, వేపచెక్క తలుపు. ఇల్లు కట్టేటప్పుడు నేను పట్టుబట్టి పెట్టించుకున్నది అదొక్కటే. తలుపు తీస్తే రెండు మెట్లు, గిన్నెలు తోముకునే బండ, కరివేపాకు చెట్టు, మందార, ఎవరూ వేయకుండా దానంతటది మొలిచిన బొప్పాయి. పొద్దున బియ్యం కడిగిన నీళ్ళు, సాయంత్రం గిన్నెలు కడిగిన నీళ్ళు ఆ తలుపులోంచే చెట్లకు పోయేవి. పెరట్లోకి ఇంకో దారి ఉంది కానీ అది ఇంటి ముందు నుంచి తిరిగి, మోటారు పక్కగా, మనిషి అడ్డంగా నడవాల్సిన సందు.

రెండేళ్ళ కిందట మా బిడ్డ అత్తవారింటి నుంచి తిరిగొచ్చేసింది. మాకు అది ఒక్కతే. హుజూర్‌నగర్‌లో దుకాణం ఉన్న ఇంటికి ఇచ్చాం. అల్లుడు మాటలో మెత్తగా ఉంటాడు. ఆ మెత్తదనం చూసే మేం మోసపోయాం. పొద్దున దుకాణానికి పోతూ ఇంటికి బయట నుంచి తాళం వేసుకుని పోయేవాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి తీసేవాడు, మళ్ళీ వేసుకుని పోయేవాడు. ఎందుకని అడిగితే నీ మంచికే అనేవాడట. ఇది చాన్నాళ్ళు మాకు చెప్పలేదు. సిగ్గు. తాళం వేసినవాడికి లేదు, లోపలున్నదానికి సిగ్గు. చివరికి ఒకరోజు కిటికీలోంచి పక్కింటామెను పిలిచి, తాళం పగలగొట్టించుకుని, కట్టుబట్టలతో బస్సెక్కి వచ్చేసింది.

వచ్చాక కొన్ని నెలలు అది మూసిన తలుపు వెనక ఉండలేకపోయేది. స్నానానికి పోతే బాత్‌రూమ్ తలుపు ఓరగా వదిలేది, నేను బయట కాపలా నిలబడేదాన్ని. పెరటి తలుపు మాత్రం తెల్లవారకముందే తీసేది. పొద్దు గుంకే దాకా ఆ గడప మీదే కూర్చునేది. చదివినా అక్కడే, పప్పు ఏరినా అక్కడే. గడప మీద ఆడపిల్ల కూర్చోకూడదని ఆయన నాతో చెప్పించాడు. అది లేవలేదు. నేనూ రెండోసారి చెప్పలేదు.

నాతో చెప్పించాడు అన్నాను కదా, అదొక బాధ. ఆయన బిడ్డతో మాట్లాడటం మానేశాడు. తిట్టలేదు, కొట్టలేదు, పొమ్మనలేదు. దాని ముందే నిలబడి "తిన్నదా నీ బిడ్డ?" అని నన్ను అడిగేవాడు. అది "తిన్న నాన్నా" అనేది. ఆయన నా వైపే చూసేవాడు. నేను "తిన్నదట" అని చెప్తే అప్పుడు తల ఊపేవాడు. పెళ్ళికి ముందు మంచి శకునమని ఆ పిల్ల స్కూటర్‌కు ఎదురు రాకపోతే మిల్లుకు బయల్దేరని మనిషి ఈయన. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడితే బిడ్డ నేను పోను అని ఒకే మాట అని లేచి లోపలికి పోయింది. నలుగురిలో పరువు తీసిందని ఆయన బాధ. ఒకసారి నాతో అన్నాడు కూడా, పరువు సంగతి. తాళం కప్ప కింద నలిగింది ఎవరి పరువో అడిగితే స్కూటర్ తీసుకుని మిల్లుకు పోయాడు.

అలాంటి రోజుల్లో బిడ్డ పెరడు మొదలుపెట్టింది. మిల్లులో చిరిగిన బియ్యం బస్తాలు పారేస్తారు కదా, అవి తెప్పించమని నన్నడిగింది. నేను చెప్తే ఆయన తెచ్చాడు. స్కూటర్ మీద కట్టుకొచ్చి నడవలో పడేసి "నీ బిడ్డ అడిగిందంట గద" అన్నాడు. ఇంకో వారం చెప్పకుండానే ఒక సంచి ఊక బూడిద కూడా తెచ్చి పెట్టాడు, మట్టిలో కలపడానికి. ఆ బస్తాల్లో అది తోటకూర వేసింది, బీర వేసింది, గోడ పొడవునా చిక్కుడు పాకించింది. అది కాస్త ఒళ్ళు చేసింది. ఒకరోజు స్నానానికి పోయి తనంతట తానే లోపల గడియ పెట్టుకుంది. ఆ గడియ చప్పుడు విని నేను వంటింట్లో పీట మీద నిలబడి ఏడ్చాను. ఆ తలుపు వల్లే మా పిల్ల మనిషైందని నాకు తెలుసు. ఆయనకు కూడా తెలుసు. అందుకే నాకు ఇంత మంట.

పోయిన వేసవిలో మా అక్కకు కంటి ఆపరేషన్ అయితే కోదాడ పోయి వారం పది రోజులు ఉండాల్సి వచ్చింది. తిరిగొచ్చి, ఆటో దిగి, సంచి హాల్లో పడేసి, కాళ్ళు కడుక్కుందామని నడవలోకి పోయాను. ఎదురుగా గోడ. తలుపు లేదు, దర్వాజ లేదు, ఇటుక గోడ. ఇంకా గిలాబు పూత కూడా వేయలేదు. పచ్చి సిమెంటు వాసన. దాని ముందు మా బిడ్డ బకెట్టు పెట్టుకుని, చెంబుతో గోడ మీద నీళ్ళు కొడుతోంది. కొత్తగా కట్టిన గోడకు పొద్దున సాయంత్రం నీళ్ళు కొట్టాలి కదా, గట్టిపడటానికి. ఎవరు కట్టించారని అడిగాను. "నాన్న" అంది. పెద్దమ్మకు ఎట్లుందని అడిగింది. మళ్ళీ చెంబు ముంచింది. దాని మొహం నేను సరిగా చూడలేదు. నా కళ్ళకు ఆ గోడ తప్ప ఇంకేమీ ఆనలేదు.

ఆయన మిల్లు నుంచి వచ్చీ రాగానే పట్టుకున్నాను. సూర్యాపేటలో ఒక వాస్తు సిద్ధాంతి ఉన్నాడట, మిల్లు సేటు ఇంటికి కూడా ఆయనే చూశాడట, వచ్చి చూసి నైరుతి మూల తలుపు ఇంటికి కీడు అన్నాడట. ఎవరికి కీడు అని గుచ్చి గుచ్చి అడిగాను.

"నీకే. నైరుతిల తలుపుంటే ఇంటి ఆడమనిషికి కాళ్ళనొప్పులు పోవంట. నీ మోకాళ్ళ కోసమే మూపిచ్చిన" అన్నాడు.

నా అరికాలి మంట నెత్తికెక్కింది. నా మోకాలు విరగ్గొట్టింది ఆయన మెరిసే టైల్స్. దానికి నా తలుపు మూయించాడు. ఆ రాత్రి నేను అన్న మాటలు ఇక్కడ రాయను. టీచర్‌ని కదా, పిల్లలు చదువుతారు. ఎంత అరిచినా ఆ గోడకు చెప్పుకున్నా నయం అనిపించేలా కూర్చున్నాడు. చివరికి పెరట్లోకి పోవాలంటే సందు ఉంది కదా అన్నాడు, అంతే.

సందు ఉంది. అందులోంచి పోవాలంటే ముందు వాకిట్లోకి దిగాలి. దిగితే ఎదురింటి అరుగు మీద కూర్చున్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళ ముందు నుంచి పోవాలి. "ఇంక ఈడ్నే ఉన్నవా బిడ్డా? ఎప్పుడు పోతున్నవ్?" అని వాళ్ళు రోజూ అడుగుతారు. మా బిడ్డ నాలుగు రోజులు పోయింది, తర్వాత పగలు పోవడం మానేసింది. సాయంత్రాలు నేనే బకెట్లు మోసేదాన్ని, ఈ మోకాళ్ళతోనే. తోటకూర ఎండింది. బీరపాదు ఎండింది. చిక్కుడు కొంచెం మొండిది, నిలబడింది. ఎంగిలి నీళ్ళ గిన్నె పట్టుకుని అలవాటు కొద్దీ నడవ చివరి దాకా పోయి, గోడను చూసి, తెల్లమొహం వేసుకుని వెనక్కి తిరిగిన రోజులెన్నో. నేనే కాదు, బిడ్డ కూడా అలాగే పోయి తిరిగొచ్చేది. మళ్ళీ స్నానాల గది తలుపు ఓరగా వదలడం మొదలుపెట్టింది.

ఇల్లు ఉక్కపోస్తోందని గొడవ చేస్తే ఆయన ఏం చేశాడో తెలుసా? ఎగ్జాస్ట్ ఫ్యాన్ కొనుక్కొచ్చాడు. డబ్బా చేతిలో పట్టుకుని, ఏదో బంగారం తెచ్చినట్టు మొహం వెలిగిపోతోంది. గాలి కావాలన్నవ్ గద అన్నాడు. ఆ మొహం చూసి నాకు నవ్వాలో తలబాదుకోవాలో తెలియలేదు. ఆ ఫ్యాను ఇప్పటికీ డబ్బాలోనే ఉంది.

బడి తెరిచాక ఒక ఆదివారం నేను ఎవరికీ చెప్పకుండా సూర్యాపేట బస్సెక్కాను. ఆ సిద్ధాంతి మొహం చూడాలి, నా మోకాళ్ళకూ నా తలుపుకూ ఏం సంబంధమో ఆయన నోటితో వినాలి, అంతే. దిగి, అడుక్కుంటూ పోతే ఇల్లు తేలిగ్గానే దొరికింది. ముందు గదిలో బల్ల, దిక్సూచి, గోడకు ఇంటి ప్లాన్లు. చల్లటి మనిషి. నన్ను కూర్చోబెట్టి ఏ ఊరమ్మా అన్నాడు. మిర్యాలగూడ, ఫలానా మిల్లు గుమాస్తా భార్యనని చెప్పాను. ఆయనకు వెంటనే గుర్తొచ్చింది.

"ఆఁ, బిడ్డ వాపసొచ్చిన ఇల్లు గదమ్మా. మూసిండ్రు గద తలుపు?" అన్నాడు. మూశారని చెప్పాను. ఆయన వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుని, కొంచెం ఆశ్చర్యపోయి, "మరి పిల్ల ఇంక పోలేదా?" అన్నాడు.

ఆయన తన పద్ధతిలో తాను చెప్పుకుపోతున్నాడు. నైరుతి తలుపున్న ఇంట్లో ఆడపిల్ల వచ్చి తిష్ఠ వేస్తుందట. ఆ మూల మూస్తే ఇంట్లో దానికి కాలు నిలవదట, తనంతట తానే అత్తింటికి బయల్దేరుతుందట. మీ ఆయన పాపం చాలా బాధపడ్డాడమ్మా, బిడ్డను పొమ్మని నోటితో అనలేను, ఇంకేదైనా మార్గం చెప్పమని అడిగాడు అన్నాడు. మోకాళ్ళ ఊసే లేదు.

మంచినీళ్ళు అడిగాను. ఆయన లోపలికి కేకేశాడు. నేను కూర్చున్న చోటు నుంచి ఇంటి వెనక దాకా కనిపిస్తోంది. సరిగ్గా నైరుతి మూలన తలుపు. బార్లా తెరిచి ఉంది. దాని గడప మీద కూర్చుని ఆయన భార్య గోంగూర తుంచుతోంది. ఆకుల గిన్నె పక్కన పెట్టి లేచి నాకు నీళ్ళు తెచ్చింది. మీ ఇంట్లో ఉందేమిటండీ ఆ తలుపు అని అడిగితే, మేం గడప కింద రాగిరేకు వేసుకున్నం, దోషం తగలదు అని ఆయన చల్లగా చెప్పాడు. ఆమె ఆయన వైపు ఒక చూపు చూసింది. నన్ను సాగనంపడానికి వాకిటి దాకా వచ్చి, ఆయనకు వినబడకుండా చెప్పింది.

"రేకూ లేదు, ఏం లేదక్కా. మూస్త అన్నడు. మూస్తే నేను బయటి దిక్కే ఉండిపోత, లోపలికి రాను, వంట నువ్వే చేసుకో అన్న. గంతే, మల్ల మాట ఎత్తలే."

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. దారి పొడవునా నాకు ఏమీ కనిపించలేదు. మూయించే ధైర్యం ఉంది ఈయనకు. పొమ్మనే ధైర్యం లేదు. ఉండమనే ధైర్యం అంతకన్నా లేదు. ఆ పిరికితనమంతా ఇటుకలు చేసి పేర్చి, పైన నా మోకాళ్ళ పేరు రాశాడు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ముందు సీటు కడ్డీ గట్టిగా పట్టుకున్నాను. ఇల్లు చేరేసరికి అరచేతులు తుప్పు వాసన కొడుతున్నాయి.

ఆయన నడవలో కుర్చీ వేసుకుని పేపరు చూస్తున్నాడు. బిడ్డ డాబా మీద బట్టలు తీస్తోందనుకున్నాను. నేను ఆయన్ని ఎప్పుడూ మీరు అనే అంటాను, ఎంత కొట్లాటలోనైనా. ఆ రోజు మాత్రం ఆ మీరు నోట్లోంచి రాలేదు.

"కన్నకూతురు ఇంట్లోంచి పోవాలని గోడ కట్టించావా నువ్వు?" అన్నాను.

ఆయన పేపరు దించాడు. ఎక్కడి నుంచి వస్తున్నానో అర్థమైంది. పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని, "పోవాల్నని కాదు. దాని కాపురం మంచిగ కావాల్నని" అన్నాడు.

తాళం వేసి పెట్టేవాడితో కాపురం ఏమిటని అడిగాను. తాళాలు పగలగొట్టుకుని వచ్చిన పిల్లకు ఉన్న ఒక్క తలుపూ మూసేశావు, వాడికీ నీకూ తేడా ఏమిటని అడిగాను. వాడు తాళం కప్ప వేశాడు, నువ్వు సిమెంటు వేశావు అన్నాను. నోటికి ఎంత వస్తే అంత అన్నాను. వెనక ఏదో కదిలినట్టయి చూస్తే, ఆరిన బట్టలు చేతుల మీద వేసుకుని బిడ్డ నిలబడి ఉంది. అంతా విన్నది. నా ప్రాణం చచ్చిపోయింది. ఏ మాట దాని చెవిన పడకూడదో దాన్నే నేను వీధంతా వినబడేలా అరిచాను.

అది బట్టలు మంచం మీద పెట్టి వచ్చింది. మొహంలో ఏడుపు లేదు.

"నాకు ఎర్కనే అమ్మా. మేస్త్రీకి నాన్న చెప్పంగ విన్న, ఎందుకు మూపిస్తున్నడో" అంది.

మరి తెలిసి ఆ గోడకు నువ్వెందుకు నీళ్ళు కొట్టావే అని అడిగాను. అది చిన్నగా, నాకు చెప్తున్నట్టుగానే చెప్పింది.

"నువ్వు కోదాడల ఉన్నవ్ గద. పొద్దుగాల నాన్న మిల్లుకు పోతు పోతు గోడ దిక్కు సూసి, పొద్దుమాపు నీళ్ళు కొట్టాలె అన్నడు. ఎవలతోని అన్నడో తెల్వదు. ఇంట్ల నేనే ఉన్న. నాతోనే అన్నడేమో అనుకున్న. ఇన్ని నెలలకు నాకొక పని చెప్పిండనుకున్న."

నేను సందులోకి పోయి, మోటారు పక్కన గోడకు ఆనించి ఉన్న గడ్డపార తెచ్చాను. ఆ పక్కనే నా వేపచెక్క తలుపు కూడా దర్వాజతో సహా చెదలు పట్టడానికి నిలబెట్టి ఉంది. వచ్చి గోడ మీద ఒక్కటి వేశాను. పెచ్చు కూడా రాలలేదు. రెండు పూటలా కడుపునిండా నీళ్ళు తాగిన గోడ, రాయిలా గట్టిపడింది. మా పిల్ల ఏ పని చేసినా అంతే, శ్రద్ధగా చేస్తుంది. మళ్ళీ వేశాను. నా చేతులు అదిరాయి, మోకాలు కలుక్కుమంది, గోడ మాత్రం అలాగే ఉంది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. వద్దనలేదు, సాయానికీ రాలేదు.

తర్వాత మేస్త్రీని పిలిపించడం, తలుపు మళ్ళీ నిలబెట్టించడం, అది పగలంతా తీసే ఉండటం, ఎదురింటివాళ్ళకు నేను చెప్పిన సమాధానం, అవన్నీ తర్వాత సంగతులు. ఆయన మీద నా కోపం పోయిందని మాత్రం ఎవరూ అనుకోవద్దు. తండ్రి నోటి నుంచి ఒక్క మాట కోసం తనను వెళ్ళగొట్టే గోడకు బిడ్డ తన చేతులతోనే నీళ్ళు పోసింది. దానికి నా దగ్గర క్షమ లేదు. ఇప్పటికీ ఒక్కోసారి అన్నం పెడుతూ పెడుతూ గుర్తొస్తే గరిట విసిరికొడతాను. ఎందుకో ఆయన అడగడు.

ఆ సాయంత్రం నా చేతిలోంచి గడ్డపార బిడ్డ తీసుకుంది. నన్ను పక్కకు జరిపి, పై వరసలో, దర్వాజ పీకిన అంచు దగ్గర సిమెంటు సరిగా పట్టని చోటు చూసుకుని, మొన పెట్టి, ఒళ్ళు బరువంతా వేసి పొడిచింది. మళ్ళీ పొడిచి తన వైపుకు పెకలించింది. పైన ఒక ఇటుక కదిలి దాని వైపుకు వంగింది. దాని పాదాలు సరిగ్గా కిందే ఉన్నాయి. చెప్పులు కూడా లేవు.

"జర ఎనకకు జరుగు బిడ్డా. కాళ్ళ మీద పడతది" అన్నాడు ఆయన.

దాని మొహం చూసే అన్నాడు. అది మాత్రం అలవాటు కొద్దీ నా వైపు తిరిగి చూసింది, ఆ మాట నేను చెప్తానేమోనని. నేను నోరు మూసుకుని నిలబడ్డాను.